కాటా చీటీ ముగ్గురి దగ్గర: వికేంద్రీకృత వెబ్‌లో అందరూ వాడగలిగే యాప్‌ను రూపొందించడం ఎలా?

మామిడి సీజనులో చిత్తూరు ప్రాంతంలోని దామలచెరువు వైపో బంగారుపాళెం వైపో వెళ్లి ఏ కాటా దగ్గర నిలబడినా పొద్దస్తమానం ఒకే పని జరుగుతూ ఉంటుంది. తోతాపురి కాయలు నింపిన ట్రాక్టరు కాటా ఎక్కుతుంది, యంత్రం ఒక చిన్న చీటీని ఇస్తుంది, రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటాడు. అది వేడికి నల్లబడే పూత పూసిన కాగితం కనుక, చెమటా ఎండా తగిలితే సరుకు డబ్బు చేతికి రాకముందే దానిమీది అంకెలు వెలిసిపోవచ్చు. 2025 సీజనులో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం వచ్చినప్పుడు, ఏ రోజున ఎక్కడికి ఎంత సరుకు తోలామన్న లెక్క రైతు దగ్గర ఉండడం ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది.

ఆ లెక్క ఇప్పుడు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది: రైతు జేబులో చీటీగా, రైతుల దగ్గర కాయలు కొనే ర్యాంపు యజమాని పుస్తకంలో పద్దుగా, గుజ్జు ఫ్యాక్టరీ కంప్యూటరులో ఒక వరుసగా. మూడూ పొసగనప్పుడు డబ్బు ఇచ్చేవారి లెక్కే నెగ్గుతుంది. ఒకే చీటీ ముగ్గురి సంతకాలతో ముగ్గురి దగ్గరా ఉండి, ఏ ఒక్కరూ మిగతావారికి తెలియకుండా దాన్ని మార్చలేకపోతే బాగుంటుందన్న ఆలోచనతో తిరుపతిలో మేము కొందరం కలిసి ఒక చిన్న యాప్ తయారుచేశాము. వికేంద్రీకృత వెబ్ అన్న మాటకు ఈ పనిలో ఉన్న అర్థం ఇంతే: సమాచారం ఒక సంస్థ సర్వరులో కాక దానితో సంబంధం ఉన్నవారందరి దగ్గరా ఉండడం, ఏ మాట ఎవరు రాశారో సంతకంతో తేలడం. ఆ పేరే విననివారు కూడా దాన్ని వాడగలగాలంటే ఏ నిర్ణయం ముందు, ఏది తరువాత తీసుకోవాలో, మేము చేసిన తప్పులతో సహా వివరిస్తాను. మీది మామిడి యాప్ కాకపోయినా క్రమం పెద్దగా మారదు.

1. అసలు అవసరమా అని తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని, ఈ సమాచారం విషయంలో ఎవరికి ఎవరి మీద అనుమానం ఉందో రాయండి. అందరూ నమ్మే ఒక మనిషో సంస్థో ఉంటే, మామూలు సర్వరూ మామూలు డేటాబేసూ చాలు. అవి చౌక, వేగం, పాస్‌వర్డు పోతే మళ్లీ ఇవ్వడానికి ఒకరుంటారు. కాటా చీటీ విషయంలో అలాంటి మధ్యస్థుడు లేడు కనుకనే మేము ఈ దారి పట్టాము. ఇంకొక సంగతి కూడా ఇక్కడే రాసుకోండి. కాటాయే తప్పు తూచితే, ఆ తప్పుడు తూకం ముగ్గురి సంతకాలతో పదిలంగా ఉండిపోతుంది. చీటీని ఎవరూ మార్చలేదని మాత్రమే మీ యాప్ చెప్పగలదు, చీటీలో ఉన్నది నిజమని చెప్పలేదు. ఈ రెండింటినీ కలిపి ప్రచారం చేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ చిరాకు కలుగుతుంది.

2. కంపెనీ చేసే పనులను ఎవరికి అప్పగిస్తున్నారో రాయండి

మామూలు యాప్‌లో వాడుకరికి కనిపించకుండా కంపెనీ చేసే పనులు చాలా ఉంటాయి: పాస్‌వర్డు మరచిపోతే మళ్లీ ఇవ్వడం, ఫోను పోయినా లెక్కలు దాచి ఉంచడం, ఒకే పేరు ఇద్దరికి ఇవ్వకపోవడం, తప్పు పడితే దిద్దడం, అడిగితే చెరిపివేయడం, నిల్వ ఖర్చు భరించడం. వికేంద్రీకరణ చేసినంత మాత్రాన ఈ పనులు మాయం కావు, మీరు ఏమీ చెప్పకపోతే అన్నీ వాడుకరి నెత్తిన పడతాయి. ఒక్కొక్క పనికి ఎదురుగా అది ఫోను చేస్తుందా, బంధువులు చేస్తారా, రైతు సంఘం కంప్యూటరు చేస్తుందా, ఎవరూ చేయలేరా అన్నది రాయండి. "ఎవరూ చేయలేరు" అని రాసిన ప్రతి వరుసనూ వాడుకరికి ముందే విడమరచి చెప్పాలి, తక్కిన వరుసలు అతనికి కనిపించకూడదు. ఈ కాగితాన్ని గోడకు అంటించుకోండి. తరువాత వచ్చే అడుగులన్నీ దీని నుంచే పుడతాయి.

3. తెర మీద ఏ మాట వాడతారో ముందే నిర్ణయించండి

వాలెట్, నోడ్, హ్యాష్, గ్యాస్ వంటి మాటలు తెర మీద ఎక్కడా కనిపించకూడదు. వాటిని తెలుగులోకి మార్చి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఇబ్బంది భాషది కాదు, వాడుకరికి అక్కరలేని భావానిది. రైతుకు తెలిసిన మాటలు చీటీ, కాటా, తరుగు, సంతకం, పద్దు; మీ యాప్ ఆ మాటలతోనే నడవాలి.

అన్నిటికంటే కష్టమైనది ప్రైవేట్ కీ, అంటే మన పేరు మీద సంతకం చేయడానికి ఫోను వాడే రహస్య సంఖ్య. మేము మొదట దాన్ని "తాళంచెవి" అన్నాము, అది మా పెద్ద పొరపాటు. తాళంచెవి పోతే బజారులో మారు తాళంచెవి చేసేవాడు ఉంటాడు, అదీ కాకపోతే తాళం పగలగొట్టవచ్చు. ఆ మాట వినగానే రైతు మనసులో మెదిలేది ఇదే. ఇక్కడ ఆ రెండూ కుదరవు. ఈ పోలిక ఇబ్బంది మాతో మొదలైనదేమీ కాదు. 1999లో ఆల్మా విట్టెన్, డౌగ్ టైగర్ అనే పరిశోధకులు రహస్య ఈమెయిలు పంపే పీజీపీ సాఫ్ట్‌వేరును 12 మంది చేతికిచ్చి 90 నిమిషాల గడువు పెట్టగా, సందేశానికి సంతకం చేసి రహస్య లిపిలో సరిగా పంపగలిగినవారు మూడింట ఒక వంతు మాత్రమే. ఆ సాఫ్ట్‌వేరులోని తాళంచెవి బొమ్మల పోలికను కూడా వారు తప్పుపట్టారు. చివరికి మేము "సంతకం స్టాంపు" అన్నాము. రబ్బరు స్టాంపు ఎవరి చేతిలో ఉంటే వారు మన పేరు మీద ముద్ర వేయగలరన్నదీ, దాన్ని ఇతరుల చేతికి ఇవ్వకూడదన్నదీ ఎవరికీ విడిగా నేర్పనక్కరలేదు.

4. సంతకం స్టాంపు పోతే ఏమిటన్నది తేల్చండి

ఎక్కువ సమయం పెట్టవలసిన అడుగు ఇదే.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి ఏమిటంటే, యాప్ తెరవగానే, స్టాంపును తిరిగి పుట్టించగల 12 లేక 24 మాటలు చూపి, వాటిని కాగితం మీద రాసి దాచుకోమనడం. 2013లో రూపొందిన ఆ ప్రమాణంలో మాటల పట్టిక 2048 మాటలది. ఇంగ్లీషు, జపనీస్, స్పానిష్ వంటి కొన్ని భాషల పట్టికలు దానిలో ఉన్నాయి కానీ తెలుగుతో సహా భారతీయ భాష ఒక్కటీ లేదు. మీరే తెలుగు పట్టిక తయారుచేసుకుంటే అది ఇతర యాప్‌లలో చెల్లదు. ఇంగ్లీషు మాటలను అక్షరం తప్పకుండా రాయమంటే రైతు ఆ పనిని పక్కనున్న ర్యాంపు గుమాస్తాకు అప్పగిస్తాడు, దానితో స్టాంపు నేరుగా ఎదుటి పక్షం చేతికి వెళ్లిపోతుంది. కాబట్టి ఈ పద్ధతిని మొదటి తెరలో పెట్టకండి.

దానికి బదులు ఇలా చేయండి. యాప్ తెరిచిన క్షణంలో స్టాంపును ఫోనులోని భద్రమైన చిప్‌లోనే తయారుచేసి, ఫోను పిన్నుతో తెరుచుకునేలా ఉంచండి; వాడుకరిని ఏ ప్రశ్నా అడగవద్దు. వెబ్ యాప్ అయితే, పాస్‌వర్డుకు బదులు ఫోను పిన్నుతోనే లాగిన్ అయ్యే పాస్‌కీ పద్ధతి ఉంది, దానికి ఆధారమైన వెబ్‌ఆథన్ 2019లోనే వెబ్ ప్రమాణమైంది. ఆ తరువాత, మూడో చీటీకి సంతకం పడ్డాక, అంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికి వచ్చాక, "ఫోను పోతే మీ చీటీలకు ఎవరు సాక్ష్యం చెబుతారు?" అని అడిగి ముగ్గురి పేర్లు ఎంచుకోమనండి. మొదటి రోజు అడిగితే అది అడ్డంకిగా తోస్తుంది, మూడో చీటీ తరువాత అడిగితే జాగ్రత్తగా తోస్తుంది.

ఆ ముగ్గురి సహాయాన్ని ఎలా వాడుకోవాలన్నదానికి రెండు దారులున్నాయి. 1979లో ఆది షమీర్ చూపిన పద్ధతిలో రహస్యాన్ని ముక్కలుగా పంచవచ్చు; ముగ్గురిలో ఏ ఇద్దరి ముక్కలు కలిసినా రహస్యం తిరిగి వస్తుంది, ఒక్కరి ముక్కతో ఏమీ తెలియదు. కానీ ఆ ఇద్దరూ కుమ్మక్కయితే మీకు తెలియకుండానే మీ స్టాంపు వారి చేతికి వస్తుంది. రెండో దారిలో స్టాంపును ముక్కలు చేయరు. ఫోను పోయినప్పుడు కొత్త ఫోనులో కొత్త స్టాంపు తయారవుతుంది, ముగ్గురిలో ఇద్దరు "ఈ కొత్త స్టాంపు ఫలానా వారిదే" అని సంతకం చేస్తారు, పాతది రద్దవుతుంది, పాత చీటీలు చెల్లుబాటులోనే ఉంటాయి. ఈ దారిలో మధ్యన 48 గంటల గడువు పెట్టవచ్చు. అసలు మనిషి ఫోను పోనే లేదనుకోండి, ఆ గడువులో హెచ్చరిక చూసి ఆపగలడు. మేము రెండోదాన్నే ఎంచుకున్నాము, మీకూ అదే మేలని నా అభిప్రాయం.

ఎవరిని ఎంచుకోవాలన్నది కూడా యాప్ చెప్పాలి. మా మొదటి నమూనాలో, పక్కనే ఉంటాడనీ స్మార్ట్‌ఫోను ఉందనీ ర్యాంపు యజమానినే సాక్షిగా సూచించాము! తగువు వస్తే ఎదుటి పక్షమయ్యే మనిషిని కాపలా పెట్టినట్టయింది. ఇప్పుడు సరుకు కొనే పక్షంలో ఉన్న ఎవరినీ సాక్షిగా పెట్టుకోవడానికి యాప్ ఒప్పుకోదు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండకూడదని కూడా సూచిస్తుంది. బెంగళూరులో పనిచేసే కొడుకు, పొరుగూరి బావమరిది, పక్క తోట రైతు అన్నది చక్కగా కుదిరే కూర్పు. పేర్లు పెట్టుకున్న వారంలోపు ఒకసారి ఉత్తుత్తి ఫోను పోయినట్టు అభ్యాసం చేయించండి. అవసరం పడ్డ రోజున మొదటిసారి ప్రయత్నించేవారికి ఏ పద్ధతీ పని చేయదు.

ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడడం మన దగ్గర మామూలు. తండ్రి చేతిలో కీప్యాడ్ ఫోను, కొడుకు చేతిలో స్మార్ట్‌ఫోను ఉంటే, కొడుకు ఫోనులోనే తండ్రి స్టాంపు వేరుగా, తండ్రి పిన్నుతో ఉండే ఏర్పాటు చేయండి. చీటీ సారాంశం తండ్రికి ఎస్సెమ్మెస్‌గా వెళ్లాలి. ఎస్సెమ్మెస్ కేంద్రీకృత పద్ధతే, అందులో సందేహం లేదు. అయినా సిద్ధాంతశుద్ధి కోసం రైతును చీకట్లో ఉంచడం కంటే అదే నయం.

5. పొడవాటి చిరునామాలకు బదులు పేర్లు చూపండి

ఫైళ్లను ఒకే సర్వరులో కాక పలు కంప్యూటర్లలో దాచే ఐపీఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలో ప్రతి దస్తావేజుకూ దాని విషయం నుంచే పుట్టిన చిరునామా ఉంటుంది. పాత తరహా చిరునామాలో 46 అక్షరాలుంటాయి. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో ఖాతా చిరునామా 42 అక్షరాలది. వీటిని తెర మీద చూపి సరిచూసుకోమనడం, మనిషి చేయలేని పనిని మనిషికి అప్పగించడమే. చివరి నాలుగు అక్షరాలు చూడమనడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అదే తోక ఉన్న మరో చిరునామాను మోసగాళ్లు కావాలనే తయారుచేసుకోగలరు.

పేరు చదవడానికి సులువుగా ఉండాలి, నకిలీకి తావివ్వకూడదు, ఇచ్చే అధికారి ఎవరూ ఉండకూడదు అన్న మూడు కోరికలూ ఒకేసారి తీరడం కష్టమని 2001లోనే జూకో విల్కాక్స్ అనే సాంకేతిక నిపుణుడు గుర్తించాడు. దీనికి పల్లెల్లో పాత పరిష్కారం ఒకటి ఉంది. ఒకే పేరు ఊరికి నలుగురికి ఉంటే "మామిడితోపు కాడి రెడ్డెప్ప", "మిల్లు రెడ్డెప్ప" అని పిలిచేవారే గుర్తు తగిలిస్తారు. యాప్‌లో కూడా అలాగే, మొదటిసారి ఎదురెదురుగా నిలబడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఎదుటివారికి వాడుకరే తన ఇష్టమైన పేరు పెట్టుకోనివ్వండి, ఆ పేరు అతని ఫోనులోనే ఉండాలి. ఫ్యాక్టరీకి సొంత వెబ్ డొమైన్ ఉంటే దాన్నే గుర్తింపుగా వాడవచ్చు, బ్లూస్కై అనే సోషల్ మీడియాలో సంస్థలు చేసేది అదే. సంతకానికి ముందు ఎదుటివారి పేరు పెద్ద అక్షరాల్లో చూపడం మరవకండి. యూపీఐలో డబ్బు పంపే ముందు పేరు చూసుకోవడం జనానికి అలవాటైపోయింది, ఆ అలవాటును వాడుకోండి.

6. సిగ్నలు లేకుండానే పని పూర్తయ్యేలా చేయండి

సంతకం పడడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. రెండు ఫోన్లు పక్కపక్కన ఉంటే క్యూఆర్ కోడ్‌తోనో బ్లూటూత్‌తోనో పని జరుగుతుంది. సమాచారం ముందు ఫోనులో నిలిచి, సిగ్నలు దొరికినప్పుడు మిగతా చోట్లకు చేరాలి. ఒకే దస్తావేజును పలువురు విడివిడిగా మార్చినా చివరికి అన్ని ప్రతులూ ఒకటయ్యేలా చూసే సీఆర్‌డీటీ అనే డేటా నిర్మాణాలను 2011లో మార్క్ షపీరో బృందం లాంఛనంగా నిర్వచించింది. ఆటోమెర్జ్, వైజేఎస్ అనే ఉచిత లైబ్రరీలు ఆ పని చేసిపెడతాయి.

అయితే ఇక్కడ ఒక వల ఉంది. రైతు ఫోనులో తూకం 4,120 కిలోలనీ ర్యాంపు ఫోనులో 4,020 కిలోలనీ ఉంటే, ఆ లైబ్రరీ ఏదో ఒక నియమం ప్రకారం ఒకదాన్ని నిలిపి నిశ్శబ్దంగా రెండోదాన్ని పక్కన పెడుతుంది. అది సాంకేతికమైన తేడా కాదు, వంద కిలోల తగువు. షరా రాతలకూ ఫోటోల వరుసకూ ఆ లైబ్రరీని వాడండి కానీ తూకం, తరుగు, ధర అనే మూడు అంకెల దగ్గర కలపడం ఆపి, రెండు అంకెలనూ పక్కపక్కన చూపి ఇద్దరినీ అడగండి.

చీటీ ఎంతవరకు చేరిందో కూడా చూపాలి. ఒక పచ్చ టిక్కుతో సరిపెట్టకుండా "మీ ఫోనులో ఉంది", "ర్యాంపుకు చేరింది", "మూడు చోట్లా చేరింది" అని మూడు మెట్లు పెట్టండి. పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస పనిమీద నిలవదని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. మూడో మెట్టుకు కొన్ని గంటలు పట్టవచ్చు కనుక, తిరిగే చక్రం బొమ్మ పెట్టి రైతును నిలబెట్టకుండా "మీరు బయలుదేరవచ్చు" అని రాయండి.

7. చెరపలేనిదాన్ని చెరపవచ్చని చెప్పకండి

విషయం నుంచి చిరునామా పుట్టే వ్యవస్థలో ఒక్క అక్షరం మారినా చిరునామా మారిపోతుంది, పాత ప్రతి దాచుకున్నవారి దగ్గర అలాగే ఉంటుంది. అందుకే "డిలీట్" అనే బటన్ పెట్టకండి. పద్దు పుస్తకంలో తప్పు పడితే గీత కొట్టి పక్కన సరైన అంకె వేసి సంతకం చేస్తారు, పేజీ చింపరు. యాప్‌లో కూడా పాత చీటీని చూపే కొత్త చీటీ రావాలి, దానికి మళ్లీ ముగ్గురూ సంతకం చేయాలి. "నా ఫోనులో కనిపించకుండా చేయి" అన్న బటన్ వేరుగా ఉండవచ్చు. అది చేసే పని అంతేనని దాని కిందే రాయాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తన సమాచారాన్ని చెరిపివేయమని అడిగే హక్కును పౌరుడికి ఇచ్చింది. కాబట్టి ఫోను నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా ఎప్పుడూ అందరి ప్రతుల్లోకీ వెళ్లకూడదు. నంబరుకు బదులు దాని హ్యాష్‌ను, అంటే నంబరు నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని గుర్తును పెడితే చాలునని కొందరు అంటారు, అది సరికాదు. పది అంకెల నంబర్లన్నిటికీ హ్యాష్ లెక్కగట్టి సరిపోల్చడం కంప్యూటరుకు పెద్ద పని కాదు. ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యను కలిపితేనే అది దాగుతుంది.

8. ఎవరు దాస్తారు, ఖర్చు ఎవరిది

ఐపీఎఫ్‌ఎస్‌లో పెట్టినంత మాత్రాన ఏదీ శాశ్వతంగా ఉండదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని దాచి ఉంచితేనే ఉంటుంది. రైతు సంఘం కార్యాలయంలో ఒక పాత కంప్యూటరు, ఒక కళాశాలలో మరొకటి, ఫ్యాక్టరీలో ఒకటి ఉంటే మా అవసరానికి సరిపోయింది. చీటీ చిన్నదే, బరువంతా ఫోటోలది. వాటిని కుదించి పంపండి. నిల్వ ఖర్చుకు టోకెన్లు (క్రిప్టో నాణేలు) కొనమని రైతును అడగవలసి వస్తే మీ నిర్మాణం తప్పని అర్థం చేసుకుని వెనక్కి వెళ్లండి.

ఏ సర్వరులో చేరతారని మొదటి తెరలోనే అడగవద్దు. పలు సర్వర్లలో నడిచే మాస్టడాన్ అనే సోషల్ మీడియాకు వచ్చిన కొత్తవారు చాలామంది ఆ ప్రశ్న దగ్గరే తికమక పడేవారు, 2023లో ఆ యాప్ ముందుగానే ఒక సర్వరును సూచించడం మొదలుపెట్టింది. మీరూ ఒకటి సూచించండి, తరువాత మారే దారి తెరిచి ఉంచండి.

9. కాటా దగ్గరే పరీక్షించండి

ఆఫీసులో కూర్చుని చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. ఐదుగురు రైతులను, ఇద్దరు గుమాస్తాలను ఎంచుకుని, ట్రాక్టర్ల వరుసలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోను చేతికిచ్చి పక్కన నిలబడండి, సహాయం చేయకండి. మేము వేలిముద్రతో సంతకం పెట్టించాలనుకున్నాము. కాయలు కోసిన చేతులకు సొన అంటుకుని, పనితో గీతలు అరిగిన వేళ్లను ఫోను గుర్తించనే లేదు. అందుకే పిన్నును ముందుకు తెచ్చాము. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో కనిపించలేదు. సరిహద్దు మండలాల నుంచి వచ్చినవారిలో తెలుగు మాట్లాడినా తమిళమే చదవగలిగినవారు ఉన్నారు, వారికోసం చీటీని గొంతుతో చదివి వినిపించే బటన్ పెట్టాము. అది తరువాత అద్దాలు ఇంట్లో మరచివచ్చిన పెద్దలందరికీ పనికివచ్చింది.

చివరి పరీక్షకు వాడుకరులు అక్కరలేదు. ఒక రోజు పొద్దున మీ సొంత సర్వరును ఆపివేసి, సాయంత్రం వరకు ఏమి నిలుస్తుందో చూడండి. మేము అలా ఆపినప్పుడు పాత చీటీలు తెరుచుకున్నాయి, కొత్త సంతకాలు పడ్డాయి, మూడు చోట్లకూ చేరాయి. కానీ ర్యాంపుల ఫోటోలన్నీ ఖాళీ చతురస్రాలయ్యాయి, గొంతు బటన్ మూగబోయింది. ఆ రెండూ మా సర్వరు నుంచే వస్తున్నాయన్న సంగతి మాకే గుర్తులేదు. ఫోటోలను చీటీలతోపాటే దాచే ఏర్పాటు చేయడానికి వారం పట్టింది. గొంతు ఫైళ్లను యాప్‌లోనే చేర్చి మళ్లీ ఒక రోజు సర్వరు ఆపి చూశాము, ఆ సాయంత్రం కాటా దగ్గర ఎవరికీ తేడా తెలియలేదు.